సింహాల కథతో బెదిరించకండి

ఏటా జనవరి 12న సోలాపూర్ చార్ హుతాత్మా చౌక్‌లో, 1931లో బ్రిటిషువాళ్ళు ఉరి తీసిన నలుగురి విగ్రహాలకు దండలు పడతాయి, ఉపన్యాసాలు సాగుతాయి. ఏ పార్టీవాడు మైకు పట్టుకున్నా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: వాళ్ళు ఉరికంబం ఎక్కారు, మరి మీరేం చేస్తున్నారు? గుడ్ ఫ్రైడే దగ్గరపడే రోజుల్లో ఇదే ప్రశ్న ఇంకో దారిన సోలాపూర్‌లోని మన తెలుగు పేటల్లోకి వస్తుంది. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో ఫోన్లలోకి దిగే ప్రసంగాల్లో వస్తుంది. ఆది క్రైస్తవులు సింహాల నోట పడ్డారు గాని విశ్వాసం వదల్లేదు, మీరు ఆదివారం ఒక్క పూట మగ్గం ఆపలేరా, బీడీ చాట పక్కన పెట్టలేరా అని. రెండింటి వెనకా ఉన్న అభిప్రాయం ఒకటే. నమ్మకానికి అసలైన రుజువు చావు. బతికి ఉన్నవాళ్ళందరిదీ అరకొర నమ్మకం. ఈ కాలం మనుషులు ఆ పరీక్షకు ఆగరు.

ఇది తప్పు. చరిత్ర ప్రకారం తప్పు, న్యాయం ప్రకారం తప్పు. పైగా చెప్పేవాళ్ళకు చాలా చౌకగా పడే తప్పు. అడగనిదాన్ని ఇస్తామనడానికి ఖర్చేముంది? ప్రాణమిస్తారా అని మైకులో అడిగేవాడికీ తెలుసు, చేతులెత్తేవాళ్ళకూ తెలుసు, రేపు పొద్దున ఎవరూ వచ్చి ప్రాణం అడగరని. అడిగేవి వేరే ఉంటాయి. వాటి గురించి ఆ వేదికల మీద మాట వినబడదు.

స్ముర్న బిషప్ పోలికార్పుతో మొదలుపెడతాను. ప్రసంగాల్లో అందరికంటే ఎక్కువ నలిగింది ఆయన పేరే. క్రీ.శ. 155 ప్రాంతంలో, ఎనభై ఆరేళ్ళుగా సేవించిన ప్రభువును ఇప్పుడెలా దూషించను అని మంటల్లోకి వెళ్ళిన ముసలాయన. అంతవరకు అందరూ చెబుతారు. ఆయన మరణం గురించి స్ముర్న సంఘమే రాసిన లేఖ ఒకటి మిగిలింది. అందులో ఇంకో రెండు సంగతులున్నాయి. మొదటిది, పోలికార్పు చావుకు ఎదురెళ్ళలేదు. తనవాళ్ళు బతిమాలితే ఊరు విడిచి ఒక పొలానికి వెళ్ళాడు. వెతుకుతూ వస్తున్నారని తెలిసి ఇంకో పొలానికి మారాడు. చివరికి దొరికాడు, దొరికాక మాత్రం కైసరు పేర ప్రమాణం చెయ్యనన్నాడు. రెండోది వేదికలకు మరీ ఇబ్బందైన సంగతి. ఫ్రుగియ నుంచి వచ్చిన క్వింటస్ అనేవాడు తనంతట తానే పోయి లొంగిపోయాడు, ఇంకొందరిని కూడా ఎగదోశాడు. మృగాలను కళ్ళారా చూసేసరికి గుండె జారింది. ప్రమాణం చేసి, బలి వేసి బయటపడ్డాడు. ఆ లేఖ రాసినవాళ్ళు అతని పిరికితనాన్ని ఎత్తిపొడవడంతో సరిపెట్టలేదు. తమను తాము అప్పగించుకునేవాళ్ళను మెచ్చుకోం, సువార్త అలా నేర్పదు అని నియమంగానే రాసిపెట్టారు.

ఇది ఒక్క ఊరి పట్టింపు కాదు. క్రీ.శ. 300 దాటిన కొత్తల్లో స్పెయిన్‌లోని ఎల్వీరాలో కూడిన బిషప్‌లు ఒక తీర్మానం చేశారు: ఎవడైనా విగ్రహాలు పగలగొట్టి అక్కడే చంపబడితే వాణ్ణి హతసాక్షుల జాబితాలో రాయకూడదు. అలెగ్జాండ్రియాలో పేరున్న గురువు క్లెమెంట్ హింస మొదలవగానే ఊరు దాటిపోయాడు, చావు కోసం ఎగబడేవాళ్ళను తప్పుపడుతూ రాశాడు కూడా. ఇదంతా దాచిపెట్టి, ఆది సంఘమంటే చావడానికి క్యూ కట్టిన జనం అన్నట్టు చెబితే ఎట్లా?

ఇక్కడ ఎదుటి పక్షంవాళ్ళు సంతోషపడక్కర్లేదు. 2013లో కాండిడా మాస్ అనే పండితురాలు రాసిన పుస్తకం వచ్చాక, హతసాక్షుల కథలన్నీ తర్వాత అల్లినవే అని కొట్టిపారేయడం ఒక ఫ్యాషనైంది. సామ్రాజ్యమంతటా సాగిన హింస మూడు విడతలే అన్నది నిజం: 250లో డెసియస్, 257 నుంచి వాలేరియన్, 303 నుంచి డయోక్లీషియన్. మిగతా కాలమంతా అక్కడక్కడ, అప్పుడప్పుడు. కథల్లో కల్పన చేరిందన్నదీ నిజమే. కానీ కార్తేజ్‌లో 203లో చనిపోయిన పెర్పెతువా జైల్లో రాసుకున్న పుటలు చదివినవాడెవడూ అదంతా కట్టుకథ అనడు. చంటిబిడ్డకు పాలెట్లా అన్న దిగులు, ముసలి తండ్రి కాళ్ళ మీద పడి ఏడవడం, చీకటి గది ఉక్క, అన్నీ ఉన్నాయి అందులో. ఇంకో వివరమూ ఉంది, మన ప్రసంగీకులు చూసీ చూడనట్టు దాటేసేది. ఖైదీలకు కొన్ని గంటలైనా మంచి చోటు దొరకాలని ఇద్దరు సంఘసేవకులు కాపలావాళ్ళకు డబ్బు ముట్టజెప్పారు. లంచమే. పెర్పెతువా వాళ్ళను ధన్యులన్నది. బయట బతికి ఉండి, లంచమిచ్చి, నీళ్ళూ గాలీ అందించినవాళ్ళ విశ్వాసాన్ని ఆ చావబోయే మనిషి తక్కువ చేయలేదు. తక్కువ చేస్తున్నది మనం.

డెసియస్ కాలం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన కాలానికి పోలిక అక్కడుంది. ఆయన పెట్టిన పరీక్షలో సింహాలు లేవు, కాగితం ఉంది. ఊరూరా అధికారుల ముందు ప్రతివాడూ దేవతలకు బలి వేసి, ప్రసాదం రుచి చూసి, ఫలానావాడు మా కళ్ళముందు చేశాడు అని సంతకంతో పత్రం తీసుకోవాలి. ఈజిప్టు ఇసుకలో అలాంటి పత్రాలు నలభైకి పైగా దొరికాయి. ఏమైంది? కార్తేజ్ క్రైస్తవుల్లో ఎక్కువమంది వరస కట్టారు. పొద్దుగూకింది రేపు రమ్మని అధికారులంటే, లేదు ఈరోజే కానివ్వండని బతిమాలినవాళ్ళున్నారని అక్కడి బిషప్ సిప్రియనే రాశాడు. కొందరు బలి వేయకుండానే డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు. సిప్రియన్ తాను ఊళ్ళో లేడు, అజ్ఞాతంలోకి వెళ్ళి అక్కణ్ణుంచి ఉత్తరాలు రాశాడు. పారిపోయాడని రోము నుంచి సూటిపోటి మాటలూ వచ్చాయి.

హింస చల్లారాక, జారిపోయినవాళ్ళు ఏడుస్తూ తిరిగొచ్చారు. వాళ్ళనేం చెయ్యాలి? అప్పుడు జైల్లో మగ్గి, దెబ్బలు తిని, మాట మార్చనివాళ్ళు క్షమాపత్రాలు రాసివ్వడం మొదలుపెట్టారు. ఎంత ధారాళంగానంటే, ఫలానావాణ్ణీ అతని వాళ్ళనూ చేర్చుకోండి అని లెక్కాపత్రం లేకుండా రాసిచ్చేస్తున్నారని సిప్రియన్ విసుక్కున్నాడు. ఒళ్ళు చీరుకుపోయినవాళ్ళు చేతులు చాచారు. తలుపు ఎప్పటికీ మూసెయ్యాలన్నది రోములో నోవేషియన్ పక్షం. జైలు చూసొచ్చినవాళ్ళు కొందరు మొదట నోవేషియన్ వైపూ నిలబడ్డారు, అది ఒప్పుకోవాలి. కొన్నాళ్ళకు వెనక్కి వచ్చారు. సంఘం మాత్రం నోవేషియన్ దారి పట్టలేదు. కోడి కూయకముందే మూడుసార్లు బొంకిన పేతురును మొదటి పీఠమెక్కించిన మతానికి వేరే దారి ఉండదు కూడా.

ఇప్పుడు సోలాపూర్ పక్కన కుంభారి దగ్గరి బీడీ కార్మికుల కాలనీకి రండి. సోలాపూర్ తెలుగు ఆడవాళ్ళలో వేలమందికి మగ్గం కంటే బీడీయే అన్నం పెట్టింది. నానబెట్టిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తెరతో కోయడం, చిటికెడు తంబాకు పరచడం, మునివేళ్ళతో చుట్టడం, దారం వెయ్యడం, మూతి మడవడం. వెయ్యి పూర్తయ్యేసరికి పొద్దు వాలుతుంది, నడుము పట్టేస్తుంది. సాయంత్రం కార్ఖానాలో కట్టలు విప్పి చూసి బాగాలేనివి పక్కకు తీసేస్తారు. తీసేసినవాటి కష్టం ఆమె ఖాతాలోకే. అలాంటి ఒకామె చాటకు ఫోను ఆనించుకుని వింటున్న ప్రసంగంలో, నాడు చిటికెడు సాంబ్రాణి వెయ్యమంటే వెయ్యక ప్రాణాలిచ్చారు, నేడు చిటికెడు తంబాకు వదల్లేరా అని గర్జన. ఆమె చెయ్యి ఆగలేదు. నా వైపు చూసి, "అన్నా, చుట్టుడు బంద్ జేస్తే పిల్లల ఫీజులు ఎవలు కడ్తరు? అదొక్కటి ఎవ్వలు జెప్పరు" అన్నది.

తంబాకు మంచిదని ఎవరూ అనరు. ఆ దుమ్ము ముందు ఆమె ఊపిరితిత్తులకే చేటు. కానీ ఆ ప్రసంగంలోని పోలిక మోసం. సాంబ్రాణి వెయ్యమన్నది రోము అధికారి, వెనక కత్తి పెట్టుకుని. తంబాకు వదలమంటున్నది సొంత సంఘం పెద్ద, వెనక ఏమీ పెట్టకుండా. హతసాక్షులకు పరీక్ష పెట్టింది సంఘం కాదు. సొంతవాళ్ళకు సంఘమే పరీక్ష పెట్టి, సింహాలను అడ్డుపెట్టుకుని తీర్పు చెబితే, అది పోలికార్పు పక్కన నిలబడటం కాదు, ఆయన ఎదుట కూర్చున్న అధికారి కుర్చీలో కూర్చోవడం.

వృత్తికీ విశ్వాసానికీ మధ్య ఈ తగాదా కొత్తదేం కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లోనే టెర్టూలియన్ దీని మీద కత్తి ఝళిపించాడు. విగ్రహాలు చెక్కేవాళ్ళు మాకు వేరే బతుకుతెరువు లేదంటే ఒప్పుకోలేదు. దేవుడి బొమ్మ చెక్కగలిగిన చేతికి అల్మారా చెయ్యడం ఒక లెక్కా అన్నాడు. హింసలో పారిపోవడమే తప్పని కూడా రాశాడు. అంత రాసిన మనిషి పండు ముసలితనం దాకా బతికాడని జెరోమ్ నమోదు చేశాడు, అది వేరే సంగతి. టెర్టూలియన్ రాతలను అంతగా అభిమానించిన సిప్రియన్‌కు ఇలాంటి చిక్కే ఇంకోటి వచ్చింది. నాటకాలు మానేసిన ఒక నటుడు పిల్లలకు నటన నేర్పి బతుకుతున్నాడు, అతన్ని సంఘంలో ఉంచవచ్చా అని ఇంకో ఊరి బిషప్ అడిగాడు. నటన నేర్పడం మానాల్సిందే అన్నాడు సిప్రియన్, అక్కడితో ఆగలేదు. అతనికి సంఘం ఖర్చుతో తిండి పెట్టండి, మీ సంఘం పేదదైతే మా దగ్గరకు పంపండి, తిండీ బట్టా మేం చూసుకుంటాం అన్నాడు. మానమన్నవాడే భారం ఎత్తుకున్నాడు. బీడీ మానమనే ప్రసంగీకులు సిప్రియన్ ఉత్తరంలో రెండో సగం చదివి, వెయ్యి బీడీలకు ఎంత కూలి వస్తుందో అడిగి తెలుసుకుని, ఆ కూలి మేమిస్తాం అన్న రోజున ఆమె చాట పక్కన పెడుతుందో లేదో చూద్దాం.

కాగితం దగ్గరకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఈ బెదిరింపు అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేది అక్కడ. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ లక్షలాది మాల మాదిగ కుటుంబాలు చర్చికి వెళతాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ చేర్చలేదు. బాప్తిస్మం కాగితం మీదికెక్కితే ఎస్సీ కాస్తా బీసీ-సీ అవుతుంది, వాటా ఒక్క శాతం. అందుకని సర్టిఫికెట్లో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, విశ్వాసం ఒకటి, రిజర్వేషన్ కోసం చెప్పేది ఇంకోటి అయితే అది రాజ్యాంగానికే మోసం అన్నది. చర్చి లోపల ఇంకో రకం దెబ్బ: ఆనాటివాళ్ళు సింహాలకు భయపడలేదు, మీరు తహసీల్దారుకు భయపడుతున్నారు!

వీళ్ళను డెసియస్ నాటి పత్రం కొనుక్కున్నవాళ్ళతో పోల్చడం నాకు సమ్మతం కాదు. ఆ పత్రం నీ దేవుడెవరని అడిగింది. కులపత్రం అడగాల్సింది నిన్ను ఊరు ఎట్లా చూస్తున్నదని; దానికి జవాబు బాప్తిస్మంతో మారలేదు. ఊరి చివరి వాడ మారలేదు, చాలాచోట్ల శ్మశానం కూడా మారలేదు. అబద్ధానికి చోటు ఆ మనిషి మనసులో లేదు, మతం షరతు పెట్టిన ఉత్తర్వు మూడో పేరాలో ఉంది. అలాగని రెండు పేర్లతో బతకడం గొప్ప అనీ అనను. అది నలుగుబాటు. ఆ నలుగుబాటును పిరికితనమని పేరు పెట్టే హక్కు, అదే ఉత్తర్వు మార్చమని ఒక్క అర్జీ పెట్టనివాడికి లేదు.

హుతాత్మా చౌక్ సంగతి చూద్దాం. 1930 మేలో గాంధీ అరెస్టు వార్తకు సోలాపూర్ మిల్లు కార్మికులు వీధికెక్కారు. మే 8న కాల్పులు జరిగాయి, జనం తిరగబడ్డారు, కోర్టు తగలబడింది, కొన్నాళ్ళు ఊళ్ళో బ్రిటిష్ సర్కారు జాడ లేదు. తర్వాత మార్షల్ లా వచ్చింది. పోలీసుల హత్య కేసు పెట్టి మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిషన్ సారడా, కుర్బాన్ హుసేన్‌లను 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. అబద్ధపు కేసులో ఇరికించారని మా ఊరు నేటికీ నమ్ముతుంది. అది నిజమైతే, వాళ్ళు ఉరిని కోరుకున్నారని పొగడటం ఎంత అన్యాయం! వాళ్ళు కోరుకున్నది స్వరాజ్యం. ఉరి దొరలు వేసిన శిక్ష. ఆ నలుగురి పేర్లు మళ్ళీ చదవండి: ఒక లింగాయతు, ఒక మరాఠా, ఒక మార్వాడీ, ఒక ముస్లిం. చచ్చిపోవడం ఎట్లాగో వాళ్ళ దగ్గర నేర్చుకోమనే వక్తలు, ఆ నలుగురూ ఒకే వీధిలో కలిసి నడిచిన సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు. ఎన్నికల ముందైతే మరీనూ. ప్రాణాలివ్వమని అడగడం సులువు. మన వీధిలో ఖాళీ అయిన గది ముస్లిం నేతగాడికి అద్దెకివ్వమని అడిగి చూడండి, చప్పట్లు ఎన్ని పడతాయో!

చావును ఇంతగా నెత్తికెత్తుకోవడం మా ఊరి తెలుగు నేతగాళ్ళకు, పద్మశాలీలకు, పుట్టుకతో వచ్చింది కూడా కాదు. నారళీ పున్నమికి రథమెక్కించి ఊరంతా ఊరేగించే మూలపురుషుడు మార్కండేయుడు. పదహారేళ్ళకు ఆయుష్షు చెల్లితే శివలింగాన్ని కౌగిలించుకుని వదలనివాడు. యముడు ఓడాడు, పిల్లవాడు బతికాడు. బతికాడు కాబట్టి అతని భక్తి ఒక మెట్టు తక్కువని ఏ పేటలోనూ ఎవరూ అనలేదు.

చావు అడ్డం తీసేస్తే నిజాయితీ ఎలా కనబడుతుందో చెప్పడానికి ఆడం మాస్తర్ గురించి నాలుగు మాటలు. నరసయ్య ఆడం సోలాపూర్ తెలుగు కార్మికుల్లోంచి వచ్చిన మార్క్సిస్టు, మూడుసార్లు ఎమ్మెల్యే. కుంభారిలో బీడీ మహిళలకు కట్టించిన పదివేల ఇళ్ళ తాళాలు 2006లో మన్మోహన్ సింగ్ ఇచ్చారు. తర్వాత అసంఘటిత కార్మికుల కోసం ముప్ఫైవేల ఇళ్ళ రే నగర్ మొదలైంది. 2019 జనవరిలో దాని శంకుస్థాపన సభలో మాస్తర్ మోదీని మెచ్చుకున్నారు. పార్టీ ఆయన్ను కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. ఎర్రజెండా అమ్ముకున్నాడని ఒకరు, ఇక కాషాయమే అని ఇంకొకరు. ఆయన శిక్ష అనుభవించి అదే పార్టీలో ఉన్నారు, అవే ఫైళ్ళ వెంట తిరిగారు. 2024 జనవరి 19న మొదటి పదిహేనువేల ఇళ్ళు చేతికొచ్చాయి. నేను ఆయన పార్టీవాణ్ణి కాను, ఆనాటి పొగడ్త అవసరం లేదనే నా అభిప్రాయం. కానీ బీడీ చుట్టే ఆడదానికి సొంత కప్పు ఉండాలన్న ఒక్క నమ్మకాన్ని మూడు ప్రభుత్వాల గుమ్మాలకూ మోసినవాణ్ణి, ఒక సభలో దొర్లిన నాలుగు మాటలతో తూచేవాళ్ళు ఏ త్రాసు వాడుతున్నట్టు?

అయితే ద్రోహమనేదే లేదా, ఎవడేం చేసినా సరిపోతుందా అని అడుగుతారు. ఉంది. డయోక్లీషియన్ నాడు గ్రంథాలు అప్పగించడమే కాక తోటివాళ్ళ పేర్లు చెప్పినవాళ్ళున్నారు. ఈనాడు పక్కింటి ప్రార్థన మీద ఫిర్యాదు రాసేవాడున్నాడు. సొంత సంఘంలోనే పేదవాడి సర్టిఫికెట్ సంగతి పై ఆఫీసుకు ఉప్పందించేవాడున్నాడు. ఆ రెండోవాడు ప్రతి గుడ్ ఫ్రైడేకీ సింహాల కథ విని కళ్ళు తుడుచుకుంటాడు. నేను అడిగేది ఒక్కటే: తూచే ముందు విచారించండి. 251లో కార్తేజ్‌లో కూడిన బిషప్‌లు అదే చేశారు. పత్రం కొన్నవాణ్ణీ బలి వేసినవాణ్ణీ ఒకే గాటన కట్టలేదు. ఎవరు బెదిరిస్తే చేశాడు, భార్యాపిల్లలను కాపాడటానికి చేశాడా, తనంతట పరిగెత్తాడా అని ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలన్నారు. కొద్దికాలానికే ఇంకో హింస రాబోతున్నదన్న భయం పుట్టింది. పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళందరినీ ఇక గడువు లేకుండా లోపలికి తీసుకోమన్నారు. బయట నిలబెట్టినవాడు రేపు ఏ బలంతో నిలబడతాడన్నది వాళ్ళ వాదన. ఆ తీర్మానాలకు ముందు నిలిచింది సిప్రియన్, 250లో దాక్కున్నాడని మాటలు పడ్డవాడు. 258 సెప్టెంబరు 14న వాలేరియన్ అధికారి ముందు బలి వెయ్యనన్నది, కత్తికి మెడ వంచింది ఆయనే.